అర్ధరాత్రి డాన్ హెర్ట్జ్‌ఫెల్డ్ షార్ట్ ఫిల్మ్‌ల షోకి వెళ్లేవాళ్లకి: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో చదువుకో ఉద్యోగానికో వచ్చిన తెలుగువాళ్లని ఎవరో ఒక స్నేహితుడు "శుక్రవారం రాత్రి పదకొండున్నరకి యానిమేషన్ షో ఉంది, వస్తావా?" అని పిలుస్తాడు. పోస్టర్ మీద టోపీ పెట్టుకున్న పుల్లబొమ్మ ఒకటి కనిపిస్తుంది. అప్పుడు మనవాళ్లకి వచ్చే సందేహాలే ఇవి. నన్ను చాలామంది అడిగినవే రాశాను.

అసలు ఎవరీయన?

డాన్ హెర్ట్జ్‌ఫెల్డ్ అమెరికన్ యానిమేటర్. 1976లో పుట్టారు. పెరిగింది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. అవును, మీ మేనమామో పెద్దనాన్న కొడుకో ఉండే ఆ ఫ్రీమాంటే. శాంటా బార్బరాలోని యూనివర్సిటీలో సినిమా చదువుతూ తీసిన చిన్న సినిమాలతోనే పేరొచ్చింది. 1998లో చేసిన 'బిల్లీస్ బెలూన్' మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో పోటీకి వెళ్లింది. 2000లో వచ్చిన 'రిజెక్టెడ్'కీ, 2015లో వచ్చిన 'వరల్డ్ ఆఫ్ టుమారో'కీ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. రెండుసార్లూ అవార్డు వేరేవాళ్లకి పోయింది. అమెరికాలోని సన్‌డాన్స్ చలనచిత్రోత్సవంలో మాత్రం షార్ట్ ఫిల్మ్ గ్రాండ్ జ్యూరీ బహుమతి 2007లో ఒకసారి, 2015లో మరోసారి గెలుచుకున్నారు.

రాసేది, గీసేది, ఎడిట్ చేసేది దాదాపు ఆయనొక్కరే. స్టూడియో లేదు. ఇన్నేళ్లలో వాణిజ్య ప్రకటనలు చేయనని పట్టుబట్టి కూర్చున్న మనిషి. ఆ పట్టుదల మీదే 'రిజెక్టెడ్' తీశారు: ఒక యానిమేటర్ కంపెనీల కోసం చేసిన ప్రకటనలన్నీ తిరస్కరణకు గురవుతూ పోతాయి, బొమ్మలతో పాటు ఆయన మతి కూడా చెదురుతూ వస్తుంది. అది కల్పన. నిజంలో కంపెనీలే ఆయన వెంట పడ్డాయి.

కార్టూన్లకి అర్ధరాత్రి షో ఏమిటి? హాల్ దొరకలేదా?

ఒక రకంగా అంతే. సాయంత్రం ఏడు, తొమ్మిది ఆటలు పెద్ద సినిమాలవి. పదకొండు దాటాక హాల్ ఖాళీ. ఆ ఖాళీ గంటల్లో ఎవరూ వేయని సినిమాలు వేసుకోవచ్చని న్యూయార్క్‌లోని ఎల్గిన్ థియేటర్ 1970 డిసెంబర్‌లో 'ఎల్ టోపో' అనే సినిమాతో చూపించింది. జనం వారాల తరబడి వచ్చారు. అక్కడి నుంచి 'మిడ్‌నైట్ మూవీ' అనేది ఒక అలవాటుగా మారింది. న్యూయార్క్‌లోనే గ్రీనిచ్ విలేజ్‌లోని వేవర్లీ థియేటర్లో 1976లో 'రాకీ హారర్' సినిమా అర్ధరాత్రి ఆటలు మొదలయ్యాయి. ఆ వేవర్లీయే ఇప్పటి ఐఎఫ్‌సీ సెంటర్.

యానిమేషన్ సంగతికొస్తే, స్పైక్, మైక్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో 1977లో ఒక యానిమేషన్ ఫెస్టివల్ మొదలుపెట్టారు. ఊరూరా తిప్పేవారు. 1990 నుంచి పెద్దవాళ్లకి మాత్రమే అంటూ 'సిక్ అండ్ ట్విస్టెడ్' అనే ముతక సరుకుని విడిగా, రాత్రి పొద్దుపోయాక వేశారు. టీవీ తీసుకోని, పెద్ద సినిమా ముందు కూడా ఎవరూ వేయని షార్ట్ ఫిల్మ్‌లు జనానికి చేరిన దారి అదే. హెర్ట్జ్‌ఫెల్డ్ విద్యార్థి సినిమాలు కూడా అందులో తిరిగాయి. తర్వాత 2003లో ఆయన, 'బీవిస్ అండ్ బట్‌హెడ్' సృష్టికర్త మైక్ జడ్జ్ కలిసి 'ది యానిమేషన్ షో' పేరుతో సొంతంగా ఒక టూర్ నడిపారు.

మనకి అర్ధరాత్రి ఆట అంటే బెనిఫిట్ షో: డప్పులు, కాగితాలు, పాలాభిషేకం. ఇక్కడ ఆ హడావిడి వెతక్కండి. వరుసలో నిలబడేవాళ్లలో సగం మంది ఆర్ట్ స్కూల్ పిల్లలు, మిగతా సగం జనం పదిహేనేళ్ల క్రితం ఆర్ట్ స్కూల్ పిల్లలు.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

వద్దు. హైదరాబాద్‌లో పుట్టిన చోటా భీమ్‌ని చూస్తూ పెరిగిన ఇళ్లలో బొమ్మల సినిమా అంటే పిల్లలదే అన్న లెక్క ఉంటుంది. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు. 'రిజెక్టెడ్'లో రక్తం ధారగా కారుతుంది, బూతులూ ఉన్నాయి. 'బిల్లీస్ బెలూన్'లో ఎర్ర బెలూన్ ఒకటి పసివాణ్ని అదేపనిగా కొడుతూ ఉంటుంది, ఎందుకో చెప్పరు. హాలంతా కడుపుబ్బా నవ్వుతుంది, మీ ఆరేళ్ల పాప మాత్రం ఏడుస్తుంది. షార్ట్ ఫిల్మ్‌లకి సాధారణంగా రేటింగ్ ఉండదు కాబట్టి వయసు నియమం ఏ థియేటర్ది ఆ థియేటరే పెట్టుకుంటుంది. టికెట్ పేజీలో చూసుకోండి.

పుల్లబొమ్మలు చూడ్డానికి టికెట్ కొనాలా? నేనూ గీస్తాను అలాంటివి.

అందరూ అడిగేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

బాపు గీత చూసినవాళ్లకి ఈ సందేహం రాకూడదు. తక్కువ గీతల్లో మనిషి నిలబడ్డ తీరుని పట్టుకోవడం ఎంత కష్టమో మనకి చెప్పనక్కర్లేదు. హెర్ట్జ్‌ఫెల్డ్ మనుషులకి గుండ్రటి తల, రెండు చుక్కల కళ్లు, సన్నటి కాళ్లూ చేతులూ. అంతే. కానీ ఆ చుక్కలు కొంచెం పక్కకి జరిగితే సిగ్గు, రెప్ప వేయడం అర సెకను ఆలస్యమైతే భయం. అంతా టైమింగే.

శ్రమ లెక్క చూడండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపినా సెకనుకి 12 బొమ్మలు. ఆ లెక్కన 17 నిమిషాల సినిమాకి 12 వేలు పైనే. 12 నిమిషాల 'ద మీనింగ్ ఆఫ్ లైఫ్' 2005లో వచ్చింది, దాని మీద దాదాపు నాలుగేళ్లు పట్టింది.

ఇక కెమెరా. చాలా ఏళ్లు ఆయన వాడింది 1940ల నాటి 35 ఎమ్‌ఎమ్ యానిమేషన్ కెమెరా. బల్ల మీద కాగితం, పైనుంచి కిందికి చూసే కెమెరా, ఒక్కో ఫ్రేమ్‌కి ఒక్కో క్లిక్. 'ఇట్స్ సచ్ ఎ బ్యూటిఫుల్ డే'లో తెరంతా నల్లగా ఉండి అక్కడక్కడా చిన్న చిన్న కిటికీల్లో బొమ్మలు కదులుతుంటాయి. అవి కంప్యూటర్లో అతికించినవి కావు. ఒక భాగాన్ని మాత్రమే తెరిచి మిగతాది నల్లటి అట్టతో మూసి షూట్ చేయడం, అదే ఫిల్మ్‌ని వెనక్కి తిప్పి ఇంకో భాగం మీద మళ్లీ షూట్ చేయడం. మధ్యలో తప్పు జరిగితే మొదటి నుంచీ చేయాల్సిందే. 'రిజెక్టెడ్' చివర్లో కాగితమే నలిగి చిరుగుతుంటే బొమ్మలు పరిగెత్తడం చూస్తారు కదా, అక్కడ నలిగింది నిజం కాగితమే.

'వరల్డ్ ఆఫ్ టుమారో' ఆయన మొదటి డిజిటల్ సినిమా. రంగులు పెరిగాయి, మనుషులు మాత్రం పుల్లలే.

ఏ సినిమాలు వేస్తారు? ఎంతసేపు?

ప్రోగ్రామ్ థియేటర్‌ని బట్టి మారుతుంది. అన్నీ కలిపి గంటన్నర చుట్టూ ఉంటుంది. మామూలుగా కనిపించేవి: ఐదారు నిమిషాల 'బిల్లీస్ బెలూన్', తొమ్మిది నిమిషాల 'రిజెక్టెడ్', 'ద మీనింగ్ ఆఫ్ లైఫ్', 17 నిమిషాల 'వరల్డ్ ఆఫ్ టుమారో'. లేదంటే 62 నిమిషాల 'ఇట్స్ సచ్ ఎ బ్యూటిఫుల్ డే'. ఇది మొదట మూడు విడి షార్ట్ ఫిల్మ్‌లు (2006, 2008, 2011), 2012లో ఒకటిగా కుట్టారు. 2024లో దీన్ని మళ్లీ హాళ్లలో వేసినప్పుడు 'మీ' (ఇంగ్లీషులో ME) అనే 22 నిమిషాల కొత్త సినిమాని జతచేశారు.

నా మాట ఒకటి వినండి: మధ్యలో లేచి రాకండి. ఇలాంటి ప్రోగ్రామ్ కూర్చేవాళ్లు నవ్వించేవి ముందు పెడతారు. మొదటి అరగంట హాలు ఊగిపోతుంది. పక్కనున్నవాళ్లు పొట్ట పట్టుకుంటారు, మీరూ అంతే. తర్వాత మెల్లగా అవే బొమ్మలతో ఆయన వేరే సంగతి మొదలుపెడతాడు. జనం అలవాటు కొద్దీ నవ్వుతారు, ఆ నవ్వు మధ్యలో తెగిపోతుంది. ఎక్కడ తెగిందో ఒక్కొక్కరికీ ఒక్కో చోట. "మొదటి సగం బాగుంది, తర్వాత బోర్ కొట్టి వచ్చేశాం" అని చెప్పేవాళ్లు టికెట్‌లో అసలు భాగాన్ని హాల్లో వదిలేసి వచ్చారని నా అభిప్రాయం. ముందు అంత నవ్వకపోతే తర్వాతది అంత లోపలికి దిగదు. యూట్యూబ్‌లో ముక్కలుగా చూసినవాళ్లకి ఆ వరుస దొరకదు కాబట్టే హాల్‌కి వెళ్లమంటున్నాను.

కథలు ముందే తెలుసుకుని వెళ్లాలా?

అక్కర్లేదు. అయినా వదలరు కాబట్టి రెండింటి గురించి చెప్తాను, చివరలు చెప్పను.

'ఇట్స్ సచ్ ఎ బ్యూటిఫుల్ డే'లో బిల్ అనే టోపీ మనిషి. మొదట్లోనే వీధిలో తెలిసినవాడు ఎదురవుతాడు, పేరు గుర్తురాదు. మనందరికీ జరిగేదే కదా అని నవ్వుతాం. ఆ మతిమరుపు వెనక ఏముందో మెల్లగా తెలుస్తుంది. కథ చెప్పే గొంతు హెర్ట్జ్‌ఫెల్డ్‌దే. ఎక్కడా ఏడుపు లేకుండా, వాతావరణ వార్తలు చదివినట్టు చెప్పుకుంటూ పోతాడు.

'వరల్డ్ ఆఫ్ టుమారో'లో నాలుగేళ్ల ఎమిలీకి ఫోన్ లాంటిది ఒకటి వస్తుంది. చేసింది 227 ఏళ్ల తర్వాతి కాలంలో ఉన్న ఎమిలీయే, ఆమె క్లోన్. పెద్ద ఎమిలీ ప్రపంచం ఎటు పోయిందో చెప్తుంటే చిన్న ఎమిలీ తన బొమ్మ కార్ల గురించి మాట్లాడుతుంది. చిన్న ఎమిలీ గొంతు దర్శకుడి మేనకోడలిది. నాలుగేళ్ల పిల్లకి డైలాగులు ఇస్తే చెప్పదు కాబట్టి, ఆమెతో ఆడుకుంటూ బొమ్మలు గీస్తూ ఆమె మాట్లాడిందంతా రికార్డు చేసి, ఆ మాటల చుట్టూ కథ అల్లారు. అందుకే ఆ పిల్ల మాటలు ఏ రచయితకీ రాయడం చేతకానట్టు ఉంటాయి.

ఇంగ్లీషు ఫాలో అవ్వగలమా? సబ్‌టైటిల్స్ ఉంటాయా?

అమెరికన్ హాళ్లలో ఇంగ్లీషు షార్ట్ ఫిల్మ్‌లకి తెర మీద సబ్‌టైటిల్స్ సాధారణంగా ఉండవు. 'వరల్డ్ ఆఫ్ టుమారో' పెద్ద ఎమిలీ మాట స్పష్టంగా, యంత్రంలా ఉంటుంది, ఇబ్బంది లేదు. బిల్ సినిమాలో మాత్రం కథనం వేగంగా సాగుతుంది, ఒక్కోసారి శబ్దాల కింద మునిగిపోతుంది. కొన్ని వాక్యాలు జారిపోతాయి, పోనివ్వండి. 'మీ'లో సంభాషణలే లేవు, అంతా సంగీతం. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే, ఇంగ్లీషు అంతగా రాదంటే, వాళ్లకి చూపించాల్సింది అదే.

ఈలలు వేయొచ్చా?

ఈల వద్దు. నవ్వు ఎంతైనా నవ్వండి. ఒక్కో సినిమా అవగానే చప్పట్లు కొడతారు, మీరూ కొట్టండి. 'రిజెక్టెడ్'ని ఇరవైసార్లు చూసిన అభిమానులు డైలాగులు ముందే అనేస్తుంటారు, అది అక్కడ చెల్లుతుంది. ఫోన్ వెలుగు మాత్రం ఏ సినిమాకీ చెల్లదు. తెరలో ముప్పాతిక భాగం నల్లగా ఉండే సినిమాకి మీ వాట్సాప్ వెలుగు వెనక నాలుగు వరుసల వరకూ కనిపిస్తుంది.

నిద్రొస్తే?

రావచ్చు. అంతకుముందు బిర్యానీ తినకండి.

చూడకూడనివాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. మొదటిది ఆరోగ్యం: బిల్ సినిమాలో వెలుగు టపటపా మెరిసే భాగాలు, పెద్ద శబ్దాలు ఉన్నాయి. మెరిసే వెలుగుకి ఫిట్స్ వచ్చేవాళ్లు, మైగ్రేన్ ఉన్నవాళ్లు వెళ్లకపోవడమే మంచిది, వెళ్తే చివరి వరుసలో దారి పక్క సీటు తీసుకోండి.

రెండోది ఎవరూ పోస్టర్ మీద రాయరు. ఇంట్లో ఈ మధ్యే ఎవరైనా మతిమరుపు జబ్బుతోనో, మెదడుకి సంబంధించిన జబ్బుతోనో ఆస్పత్రిలో ఉండి ఉంటే, లేదా పోయి ఉంటే, బిల్ సినిమాకి వెళ్లే ముందు ఆలోచించుకోండి. జబ్బు మనిషి పక్కన కూర్చున్నవాళ్ల తడబాటు, డాక్టర్ మాటల్లో సగమే బుర్రకెక్కడం, రోజూ నడిచే వీధి కొత్తగా కనిపించడం, అన్నీ అందులో ఉన్నాయి. కొందరికి అది ఊరట. అలాంటి రోజుల్లో చూసి, ఇంకెవరూ ఇలా చెప్పలేదన్నవాళ్లు నాకు తెలుసు. కొందరికి మాత్రం తట్టుకోవడం కష్టం. వేల మైళ్ల దూరంలో ఉండి వీడియో కాల్‌లో నాన్నని చూసుకునే మనలాంటివాళ్లకి అది ఇంకో రకంగా తగులుతుంది. ఒంటరిగా వెళ్లకండి. షో అయ్యాక ఎక్కడైనా కూర్చుని టీ తాగే మనిషి పక్కన ఉండాలి.

టికెట్, సీటు, ఇంటికి చేరడం?

టికెట్ మామూలు సినిమా ధరే. దర్శకుడు స్వయంగా వచ్చే షో అయితే ఎక్కువ, త్వరగా అయిపోతాయి కూడా. ఇలాంటి షోలు వేసేవి పాత చిన్న హాళ్లు: శాన్ ఫ్రాన్సిస్కో మిషన్ ప్రాంతంలో రాక్సీ, బోస్టన్ పక్కన బ్రూక్‌లైన్‌లో 1933 నుంచి నడుస్తున్న కూలిడ్జ్ కార్నర్, న్యూయార్క్‌లో ఇందాక చెప్పిన ఐఎఫ్‌సీ సెంటర్. చిన్న హాళ్లలో చాలాచోట్ల సీటు నంబర్ ఉండదు, ముందొచ్చినవాళ్లది ముందు. అరగంట ముందుగా వెళ్తే మధ్యలో సీటు దొరుకుతుంది.

తిరుగు ప్రయాణం ముందే చూసుకోండి. న్యూయార్క్‌లో సబ్‌వే రాత్రంతా నడుస్తుంది, టెన్షన్ లేదు. బే ఏరియాలో బార్ట్ చివరి రైళ్లు అర్ధరాత్రి ప్రాంతంలోనే బయల్దేరిపోతాయి, షో మీకు మిగిలే ఉంటుంది. బోస్టన్‌లోనూ రైళ్లు రాత్రంతా నడవవు. నలుగురు కలిసి ఒక కారులో వెళ్లడం మేలు.

దర్శకుడు వస్తే ఏం అడగాలి?

"దీని అర్థం ఏమిటి?" అని అడగొద్దు. ఆయనకి విసుగని కాదు, దానికి వచ్చే జవాబుతో మీకు ఒరిగేదేమీ ఉండదు. పని గురించి అడగండి. ఫలానా షాట్ ఎలా తీశారు, ఆ సంగీతం ఎప్పుడు ఎంచుకున్నారు, అందులో ఎన్నిసార్లు ఫిల్మ్ వెనక్కి తిప్పారు. అలాంటి ప్రశ్నకి పావుగంట జవాబొస్తుంది, అందులోనే మిగతాదంతా దొరుకుతుంది. అందరికీ సంతకాలు దొరుకుతాయని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఆ ముచ్చట తీరాలంటే ఇంకో స్వతంత్ర యానిమేటర్ బిల్ ప్లింప్టన్ షోకి వెళ్లాలి. ఆయన షో అయ్యాక కూర్చుని వరుసలో వచ్చినవాళ్లకి ఉచితంగా బొమ్మ గీసిస్తారు. ఎక్కువగా కుక్క బొమ్మ.

ప్రకటనలు చేయరు, స్టూడియో లేదు. మరి ఇల్లెలా గడుస్తుంది?

టికెట్లు, డీవీడీలు, బ్లూ-రేలు, ఆన్‌లైన్ అద్దె. 'వరల్డ్ ఆఫ్ టుమారో'ని 2015లో విమియో అనే వీడియో సైట్‌లో అద్దెకు పెట్టారు. ఒక్కరే చేసే సినిమాకి ఖర్చు కూడా ఒక్కరిదే కాబట్టి జరిగిపోతుంది. టీవీకి చేసిన పనిలో అందరికీ తెలిసింది 2014లో 'సింప్సన్స్' అనే టీవీ కార్టూన్ సీరియల్ మొదట్లో వచ్చే సోఫా దృశ్యం. దాన్ని కూడా ఆ సీరియల్ ఇంకా వేల ఏళ్లు నడిస్తే ఎలా ఉంటుందో అన్నట్టు గీసి పెట్టాడు. టీవీవాళ్లు దాన్ని ప్రసారం చేయడమే నాకు ఆశ్చర్యం.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లం. మా సంగతేంటి?

ఫిల్మ్ క్లబ్‌లో వేద్దామనుకుంటే ముందు ఆయన సంస్థకి మెయిల్ రాసి ప్రదర్శన హక్కులు అడగండి. అద్దెకు తీసుకున్న ఆన్‌లైన్ కాపీ మీరు చూసుకోడానికే, హాల్లో వేయడానికి కాదు. టికెట్ లేకుండా వేసినా అదే నియమం.

ఇంట్లో చూసేటట్టయితే ల్యాప్‌టాప్ పక్కన పెట్టి టీవీకి కలపండి. పిల్లలు పడుకున్నాక, లైట్లు ఆర్పేసి, ఫోన్ ఇంకో గదిలో పెట్టి. ముందు 'బిల్లీస్ బెలూన్', తర్వాత 'రిజెక్టెడ్', పది నిమిషాలు ఆగి మంచినీళ్లు తాగి 'వరల్డ్ ఆఫ్ టుమారో'. బిల్ సినిమా అదే రాత్రి పెట్టొద్దు, ఇంకో వారం చూడండి. మర్నాడు ఆఫీసు లేని రాత్రి అయితే మరీ మంచిది.